సైన్యం వదిలేసిన రైఫిళ్లు: హెడ్‌స్పేస్ పరీక్ష, కాల్పు భద్రత

రైఫిల్ బోల్ట్ మూసి బిగించాక, బోల్ట్ ముఖానికీ, చాంబర్‌లో తూటాను ముందుకు జారకుండా ఆపే చోటుకూ మధ్య ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. తూటా వెనక భాగానికి దొరికే ఇరుకు జాగా అదే. ఈ జాగా తక్కువైతే బోల్ట్ మూతపడదు. ఎక్కువైతే మూతపడుతుంది, తుపాకీ పేలుతుంది, చాలాసార్లు ఏమీ కాదు కూడా. ప్రమాదమంతా ఆ "చాలాసార్లు" అన్న మాటలోనే ఉంది.

రెండు ప్రపంచ యుద్ధాల కోసం తయారైన లక్షలాది రైఫిళ్లను ఆయా దేశాల సైన్యాలు వదిలించుకున్నాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాల్లో అవి సేకరణకర్తల చేతికీ, వేటగాళ్ల చేతికీ చేరాయి. వీటిని సర్‌ప్లస్ రైఫిళ్లంటారు. కొత్త తుపాకీ కొన్నవాడికి హెడ్‌స్పేస్ అన్న మాటే తెలియనక్కర్లేదు, ఫ్యాక్టరీ కొలిచే పంపుతుంది. ఎనభై, నూరేళ్ల నాటి సైనిక రైఫిల్‌కు ఆ భరోసా లేదు. దాని బ్యారెల్ ఒక కర్మాగారంలో, బోల్ట్ మరో దేశంలో తయారై, రెండూ ఏదో మరమ్మతు డిపోలో ఒకచోట చేరి ఉండొచ్చు.

తూటా ఎక్కడ ఆగుతుంది

హెడ్‌స్పేస్‌ను ఎక్కడి నుంచి కొలవాలన్నది తూటా ఆకారాన్ని బట్టి ఉంటుంది. పాత తరం తూటాలకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు, అంటే రిమ్ ఉంటుంది. మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ (.303) తూటా ఈ రకందే. రష్యన్ మోసిన్-నాగాంత్ రైఫిల్ వాడే 7.62×54 తూటా కూడా అంతే. వీటిలో రిమ్ చాంబర్ నోటి దగ్గర తట్టుకుని ఆగుతుంది కాబట్టి హెడ్‌స్పేస్ అంటే రిమ్ మందానికి దొరికే జాగా మాత్రమే. తూటా మిగతా ఒళ్లు చాంబర్‌లో ఎంత వదులుగా ఉందన్నది ఈ లెక్కలోకి రాదు.

జర్మన్ 8×57 మౌజర్, అమెరికన్ .30-06, నాటో 7.62×51 తూటాలకు అలాంటి అంచు లేదు. మెడ దగ్గర సన్నబడే వాలును భుజం అంటారు, అవి అక్కడ ఆగుతాయి. కొలత కూడా బోల్ట్ ముఖం నుంచి భుజం మీద నిర్ణయించిన ఒక వ్యాసం దాకా తీస్తారు. కొన్ని వేట తూటాలకు అడుగున బెల్టు లాంటి పట్టీ ఉంటుంది. సైనిక రైఫిళ్లలో ఆ రకం అరుదు.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చే అపోహ ఒకటుంది. త్రీ నాట్ త్రీలో పేల్చిన ఖాళీ తూటాను, కొత్త తూటాను పక్కపక్కన పెట్టి చూస్తే, పేల్చినదాని భుజం బాగా ముందుకు జరిగి కనిపిస్తుంది. "అమ్మో, హెడ్‌స్పేస్ పోయింది" అంటాడు చూసినవాడు. నిజానికి బురద, మట్టి పట్టిన తూటా కూడా లోపలికి పోవాలని సైనిక .303 చాంబర్లను ముందు భాగంలో కావాలనే వదులుగా తొలిచారు. రిమ్ దగ్గర జాగా సరిగ్గా ఉన్న రైఫిల్‌లోనూ ఇత్తడి అలాగే సాగుతుంది. ఆ సాగుడు ఖాళీ తూటాను మళ్లీ నింపి వాడుకునేవాడికి సమస్య. రైఫిల్‌కు అది జబ్బు కాదు.

ఎక్కువైతే జరిగేదేమిటి

ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిన్ను పోటుకు తూటా ముందుకు తోసుకుపోయి ఆగుతుంది. మందు అంటుకుని పీడనం పెరగగానే పల్చని ఇత్తడి గోడలు ఉబ్బి చాంబర్ గోడలను గట్టిగా పట్టుకుంటాయి. అడుగు భాగం దళసరి. అది ఉబ్బదు, పట్టుకోదు, వెనక్కి పోయి బోల్ట్‌ను గుద్దుతుంది. ముందు భాగం కదలదు, వెనక భాగం కదులుతుంది. ఆ రెంటి మధ్య ఇత్తడి సాగక తప్పదు. ఆ సాగే దూరమే ఖాళీ జాగా.

.303 తూటాకు అమెరికా ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 49,000 పౌన్లు. తూటా అడుగు వైశాల్యంతో గుణిస్తే బోల్ట్ మీద పడే తోపు మూడున్నర టన్నులకు పైనే. ఇత్తడి కొంచెం సాగితే తట్టుకుంటుంది. పరిమితి దాటితే అడుగుకు కాస్త పైన, దళసరి భాగం పల్చబడే చోట, గుండ్రంగా చీలుతుంది. అడుగు ముక్క ఒక్కటే బయటికొచ్చి, మిగతా గొట్టం చాంబర్‌లోనే ఇరుక్కుపోతుంది. సైన్యాలకు ఇది ఎంత మామూలు సంగతంటే, ఇరుక్కున్న గొట్టాన్ని లాగే చిన్న పనిముట్టును బ్రిటిష్ సైన్యం ప్రత్యేకంగా తయారుచేయించింది.

చీలిక అడుగుకు దూరంగా వస్తే పొగ, కాస్త భయం, అంతటితో సరి. దళసరి అడుగే పగిలితే వేల పౌన్ల పీడనంలో ఉన్న వాయువు బోల్ట్ సందుల్లోంచి వెనక్కి చిమ్ముతుంది. కాల్చేవాడి కన్ను ఉండేది అక్కడే. ఆయుధ నిర్మాణంలో ఆరితేరిన పాల్ మౌజర్ అంతటివాడు 1901లో తన స్వయంచాలక రైఫిల్ నమూనాను పరీక్షిస్తుండగా అది పేలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

హెడ్‌స్పేస్ ఎక్కువైనంత మాత్రాన రైఫిల్ బాంబులా పేలిపోతుందనడం అతిశయోక్తి. అది ఇత్తడిని పరీక్షకు పెడుతుంది. ఇత్తడి ఓడినప్పుడు ఉక్కు వంతు వస్తుంది. కాబట్టి హెడ్‌స్పేస్‌ను రైఫిల్‌కే చెందిన గుణంగా కాక, రైఫిల్‌కూ తూటాకూ మధ్య ఉన్న సంబంధంగా చూడాలి. ఒకే రైఫిల్‌లో మందమైన రిమ్ ఉన్న తూటా నిశ్చింతగా పేలొచ్చు, పల్చని రిమ్ ఉన్నది చీలొచ్చు.

గేజ్‌లు

గేజ్ అంటే తూటా ఆకారంలో, అచ్చమైన కొలతకు సానబెట్టిన ఉక్కు దిమ్మ. రిమ్ తూటాలకైతే ఒక బిళ్ల లాంటిది చాలు. మూడు రకాలుంటాయి: గో, నో-గో, ఫీల్డ్. గో మీద బోల్ట్ మూతపడాలి, లేకుంటే కొత్త తూటా పట్టదు. నో-గో మీద మూతపడకూడదు. ఇది కొత్త బ్యారెల్ బిగించేవాళ్లకు పెట్టిన గీత. వాడకంలో అరిగిన రైఫిల్ నో-గో మీద మూతపడినా సైన్యం దాన్ని వెంటనే పక్కన పెట్టదు. ఫీల్డ్ గేజ్ మీద కూడా మూతపడితే ఇక దాన్ని కాల్చకూడదు.

అంకెలు చూస్తే గీతలు ఎంత సన్ననివో తెలుస్తుంది. .308 విన్‌చెస్టర్‌కు గో 1.630 అంగుళాలు, నో-గో 1.634, ఫీల్డ్ 1.638. ఒక్కో మెట్టు మధ్య తేడా మామూలు రాత కాగితం మందమంత. .303కు సామీ లెక్కలో గో 0.064 అంగుళాలు, నో-గో 0.067, ఫీల్డ్ 0.070. బ్రిటిష్ సైన్యం మాత్రం 0.074 దాకా ఒప్పుకునేది. అందుకే ఒకే రైఫిల్ అమెరికన్ గేజ్ దగ్గర తప్పి, సైన్యంలో తుపాకులు బాగుచేసే బ్రిటిష్ ఆర్మరర్ గేజ్ దగ్గర నెగ్గడం అరుదేమీ కాదు. సర్‌ప్లస్ రైఫిల్ ఓడిందని ఎవరైనా చెబితే, ఏ గేజ్‌తో అని అడగడం తెలివైన పని.

పరీక్షలో చేయి తిరిగినవాళ్లు కూడా తప్పు చేసే చోటు శుభ్రత. నిల్వ కోసం పూసిన గ్రీజు దశాబ్దాల తర్వాత ఎండి లక్కలా మారి చాంబర్ గోడలకు అంటుకుంటుంది. దాన్ని ద్రావకంతో, బ్రష్‌తో పూర్తిగా కడగకుండా గేజ్ పెడితే, జాగా ఎక్కువున్న రైఫిల్ కూడా నో-గో మీద మూతపడక మంచి మార్కులు కొట్టేస్తుంది. రెండో పొరపాటు బలం వాడటం. బోల్ట్‌లోంచి పిన్నును, ఖాళీ తూటాను బయటికి లాగే ఎక్‌స్ట్రాక్టర్‌ను విప్పి, స్ప్రింగుల అడ్డు లేకుండా చేసి, పిడిని రెండు వేళ్లతో దించాలి. ఎక్కడ ఆగితే అక్కడే వదిలేయాలి. బోల్ట్‌కున్న మరలాంటి వాలు గట్టిగా నొక్కినవాడి చేతిలో చిన్న జాకీలా పనిచేస్తుంది. అది గేజ్‌ను నలిపేసైనా మూతపడుతుంది, లేదా చాంబర్ అంచు మీద గుర్తు వేస్తుంది.

గేజ్ దొరకనివాళ్లు ఖాళీ తూటా అడుగున టేపు ముక్కలు అంటించి కొలుస్తుంటారు. టేపు నలుగుతుంది, పేల్చిన తూటా కొలతలు అప్పటికే మారి ఉంటాయి. గేజ్ ఖరీదుకు జడిసి కన్నుతో పందెం వేయడమది.

లీ-ఎన్‌ఫీల్డ్

మనవాళ్లకు బాగా తెలిసిన సైనిక రైఫిల్ ఇదే. స్కాట్లండ్‌లో పుట్టిన జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్‌తో 1888లో లీ-మెట్‌ఫర్డ్, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్, 1907లో మొదటి ప్రపంచ యుద్ధాన్ని నడిపిన నంబర్ 1 మార్క్ 3 వచ్చాయి. రెండో యుద్ధకాలంలో నంబర్ 4 దాని స్థానం తీసుకుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నంబర్ 1ను స్వాతంత్ర్యం వచ్చాక కూడా చేస్తూ వచ్చింది. కిరీటం ముద్ర పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, రైఫిల్ మారలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో.

ఈ రైఫిల్ బోల్ట్‌ను బిగించే కొమ్ములు బోల్ట్ వెనక భాగంలో ఉంటాయి. మౌజర్‌లో ముందు ఉంటాయి. వెనక ఉండటం వల్ల బోల్ట్ కొద్ది దూరం మాత్రమే కదిపితే చాలు, అందుకే లీ-ఎన్‌ఫీల్డ్ అంత వేగంగా పేలేది. దాని వెల కూడా అక్కడే కట్టాలి. పేలినప్పుడు బోల్ట్ పొడవంతా నొక్కుకుని, బోల్ట్‌ను పట్టి ఉంచే చట్రం, అంటే రిసీవర్, కాస్త సాగి, ఇత్తడికి ఇంకొంచెం జాగా దొరుకుతుంది. మంచి స్థితిలో ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్ కూడా తూటాలను సాగదీస్తుంది.

బోల్ట్ ముందు భాగం, అంటే బోల్ట్ హెడ్, మరతో విడిగా ఊడి వస్తుంది. నంబర్ 4లో ఈ హెడ్‌లను 0 నుంచి 3 వరకు అంకెలు వేసి నాలుగు పొడవుల్లో చేశారు. ఒక్కో మెట్టుకు సుమారు 0.003 అంగుళం పెరుగుతుంది. రైఫిల్ అరిగి జాగా పెరిగితే ఆర్మరర్ 0 తీసి 1 పెడతాడు, తర్వాత 2. లేత్ మెషీన్ అక్కర్లేదు, అడవిలో కూర్చుని అయినా చేయొచ్చు. నంబర్ 1కు ఈ అంకెల సౌకర్యం లేదు. ఆర్మరర్ తన పెట్టెలోని హెడ్‌లను ఒక్కొక్కటే పెట్టి చూసుకుంటూ సరిపోయేదాన్ని ఎంచుకునేవాడు.

ఇంత తేలికగా మార్చగలగడం సైన్యానికి వరం. సర్‌ప్లస్ గోదాములో అదే చిక్కు. దిగుమతిదారులు బోల్ట్‌లు ఒక పెట్టెలో, రైఫిళ్లు ఒక పెట్టెలో నింపి పంపితే, చివర కూలికొచ్చినవాడు చేతికందిన బోల్ట్‌ను చేతికందిన రైఫిల్‌లో తోస్తాడు. అందుకే బోల్ట్ పిడి వెనక చెక్కిన నంబరు, రిసీవర్ మీది నంబరు ఒకటేనా అని చూడటం మొదటి పని. కలిస్తే ధీమా పెరుగుతుంది, పరీక్ష తప్పదు. కలవకపోతే గేజ్ పెట్టేదాకా తూటా జోలికి పోకూడదు. పొడవాటి బోల్ట్ హెడ్ వేసి గేజ్‌ను నెగ్గించారని తెలిసినప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: జాగా ఎందుకు పెరిగింది? కొమ్ములు నలిగాయా, రిసీవర్‌లో అవి ఆనే చోటు కుంగిందా? మామూలు అరుగుదలకు బోల్ట్ హెడ్ మందు. మెత్తబడిన ఉక్కుకు అది మేకప్ మాత్రమే.

ఇషాపూర్ రైఫిళ్లు

భారత సైన్యం 7.62 నాటో తూటాకు మారాక, 1960ల మొదట్లో ఇషాపూర్ ఆ పాత నంబర్ 1 రూపాన్నే కొత్త తూటాకు అనువుగా మార్చి 2ఎ, కొద్ది మార్పులతో 1965 నుంచి 2ఎ1 తయారుచేసింది. పాత .303 రైఫిళ్లకు కొత్త బ్యారెల్ తగిలించారనేది తప్పు. ఇవి ఇంకా గట్టి ఉక్కుతో కొత్తగా చేసినవి. రిమ్ లేని తూటా కాబట్టి వీటికి హెడ్‌స్పేస్ భుజం దగ్గర కొలవాలి. .303 గేజ్ వీటికి పనికిరాదు.

అమెరికా సర్‌ప్లస్ అంగళ్లలో ఈ రైఫిల్ చుట్టూ ఏళ్ల తరబడి ఒక వాదన నడుస్తోంది: బయట దొరికే .308 విన్‌చెస్టర్ తూటాను ఇందులో కాల్చొచ్చా? .308కు 62,000, నాటో తూటాకు 50,000 అని పక్కపక్కన రాసి భయపెడతారు. ఆ రెండు అంకెలు వేర్వేరు కొలత పద్ధతులవి. రెండోది రాగి దిమ్మ నలిగిన తీరును బట్టి లెక్కించింది, మొదటిది విద్యుత్ పరికరంతో కొలిచింది. పక్కపక్కన పెట్టి తీసివేత చేయడానికి కుదరదు. అసలు తేడాలు వేరే చోట ఉన్నాయి. సైనిక చాంబర్ కొంచెం పొడవుగా ఉంటుంది, సైనిక తూటా ఇత్తడి కొంచెం దళసరిగా ఉంటుంది. పొడవాటి చాంబర్‌లో పల్చని ఇత్తడి ఎక్కువ సాగుతుంది. సాగే స్వభావమున్న లీ బోల్ట్‌ను కూడా కలుపుకుంటే, సైనిక తూటాయే వాడమనే సలహా సబబుగా తోస్తుంది.

ఇషాపూర్ నుంచే మరో విచిత్రం వచ్చింది. కాపలా పనుల కోసం .303 రైఫిల్ బ్యారెల్ గాడులు తొలిచేసి, .410 నున్నటి గొట్టంగా మార్చి, మ్యాగజైన్‌లో చెక్కదిమ్మ దూర్చి ఒక్కో తూటా వేసుకునే మస్కెట్‌గా చేశారు. దాని తూటా .303 కేసును తిన్నగా ఉంచి చేసిన ప్రత్యేక రకం. ఇవి అమెరికా చేరాక చాలావాటి చాంబర్లను మామూలు .410 షాట్‌గన్ తూటాలకు తిరిగి తొలిచారు. చూపుకు త్రీ నాట్ త్రీలా ఉండే ఈ తుపాకీలో .303 తూటా పెట్టే ఆలోచన ఎవరికైనా రావచ్చు. బ్యారెల్‌లోకి చూసి గాడులున్నాయో లేదో గమనించడానికి అర నిమిషం చాలు.

ముందు చెక్క మీద తీగ చుట్టిన రైఫిళ్లు కూడా భారతదేశం నుంచి చాలా వెళ్లాయి. నోటికి గిన్నె తగిలించి మిల్స్ గ్రెనేడ్లు విసరడానికి వాడినవివి. ఆ పనిలో బ్యారెల్, రిసీవర్ పడే శ్రమ మామూలు కాల్పులకు మించినది. ఇక "డి.పి." అన్న అక్షరాలు కొట్టిన రైఫిళ్లు కవాతుకే తప్ప కాల్చడానికి కావు. ఎన్‌సీసీలో చేరిన మన కుర్రాళ్లు భుజాన మోసినవి చాలావరకు ఇలాంటివే. కొన్నింటికి చాంబర్‌లో రంధ్రం వేస్తారు, కొన్నింటికి పిన్ను కోసేస్తారు. కొన్నింటికి అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి, అక్షరాలు గీకి అమ్మజూపే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడు. గేజ్ పెడితే ఆ రైఫిల్ ఇంచక్కా నెగ్గొచ్చు.

స్ప్రింగ్‌ఫీల్డ్ 1903

గేజ్ నెగ్గినా చేటు చేసే రైఫిల్‌కు చరిత్రలో దీన్ని మించిన ఉదాహరణ లేదు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగేవేళకు దాని సైనిక రైఫిల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రిసీవర్లు కొన్ని గాజులా ముక్కలు కావడం మొదలైంది. కారణం కొలిమి దగ్గర దొరికింది. కాల్చిన ఉక్కు వేడిని అనుభవజ్ఞులైన కమ్మరులు రంగును బట్టి కంటితో అంచనా వేసేవారు. మబ్బు రోజున సరిగ్గా కనిపించిన ఎరుపు, ఎండ కాసే రోజున మందంగా కనిపిస్తుంది. దాంతో ఇంకా వేడి చేసేవారు. వేడిని కొలిచే పరికరాలు తెచ్చి చూస్తే, ఎండ రోజున సరైన రంగని వాళ్లు అనుకున్నది ఉండాల్సినదాని కంటే 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఎక్కువని తేలింది. అతిగా కాలిన ఉక్కు పెళుసుబారింది.

1918లో పద్ధతి మార్చి రెండు దఫాల వేడిచికిత్స పెట్టారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో 8,00,000కు లోపు, రాక్ ఐలాండ్‌లో 2,85,507కు లోపు నంబరున్నవి అప్పటి నుంచి "తక్కువ నంబరు" రైఫిళ్లయ్యాయి. అమెరికా సైన్య ఆయుధ నిపుణుడు జూలియన్ హాచర్ తన "హాచర్స్ నోట్‌బుక్"లో 1917 నుంచి 1929 వరకు పగిలిన 68 రిసీవర్ల జాబితా ఇచ్చాడు. పది లక్షలకు పైగా రైఫిళ్లలో ఇది చిన్న అంకె. చాలావాటిలో మొదటి తప్పు రిసీవర్‌ది కాదు: మెత్తటి ఇత్తడి, బ్యారెల్‌లో అడ్డం, తప్పు తూటా. మంచి ఉక్కు అయితే వెనక్కి చిమ్మిన వాయువును మింగి ఊరుకునేది. పెళుసు ఉక్కు పగిలింది. అమెరికా పౌర షూటింగ్ కార్యక్రమం సీఎంపీ నేటికీ తక్కువ నంబరు రైఫిళ్లను కాల్చవద్దనే చెబుతోంది. మా తాత కాల్చాడు, మా నాన్న కాల్చాడు అనే వాదన తరచూ వినిపిస్తుంది. పగలని రైఫిల్ గురించి అది నిజమే.

మరికొన్ని రైఫిళ్లు

కెనడా రాస్ మార్క్ 3లో బోల్ట్‌ను తిన్నగా లాగి తోస్తారు, తిప్పే పని లేదు. విప్పి తప్పుగా కూర్చితే కొమ్ములు పట్టకుండానే అది మూతపడి పేలుతుంది, బోల్ట్ ముఖం మీదికి దూసుకొస్తుంది. అలా కాకుండా తర్వాత కొన్నింటికి రివెట్ కొట్టారు. రివెట్ లేనిదాన్ని తెలిసినవాడికి చూపించాల్సిందే.

మౌజర్ 98కు మూడో కొమ్ము, వాయువును పక్కకు మళ్లించే రంధ్రాలు ఉన్నాయి. 1893 తరం స్పానిష్ మౌజర్లకు ఆ మూడో కొమ్ము లేదు, వాయువు నుంచి రక్షణా తక్కువే. 8 మి.మీ. తూటాది మరో తిరకాసు. పాత బ్యారెళ్ల గాడుల వ్యాసం .318 అంగుళం, తర్వాతివాటిది .323. సన్న బ్యారెల్‌లో లావు గుండు పడితే పీడనం ఎగబాకుతుంది. ఆ భయంతోనే సామీ ఈ తూటాను 35,000 పౌన్లకు పరిమితం చేసింది. ఐరోపా ప్రమాణం 3,900 బార్లు, అంటే దాదాపు 56,500 పౌన్లు. ఒకే పేరున్న రెండు పెట్టెల్లో ఇంత తేడా!

జపనీస్ అరిసాకా రిసీవర్ల మీద పాత అపనమ్మకం ఉండేది. గన్‌స్మిత్ పి.ఒ. ఆక్‌లీ ఉద్దేశపూర్వకంగా వాటిని పగలగొట్టాలని చూసినప్పుడు అవి అసాధారణంగా గట్టివని తేలింది. అయితే బడిపిల్లల శిక్షణకు పోత ఇనుముతో, గాడులు లేని గొట్టంతో చేసిన నకళ్లు అచ్చం అలాగే ఉంటాయి. వాటిలో అసలు తూటా పేలిస్తే చేతులు దక్కవు. ఎం1 గరాండ్ లాంటి స్వయంచాలక రైఫిళ్లలో పిన్ను వదులుగా కదులుతుంటుంది కాబట్టి, మందును అంటించే ప్రైమర్ మెత్తగా ఉన్న తూటా బోల్ట్ పూర్తిగా బిగియకముందే పేలే అవకాశం ఉంది. అలాంటిదాని హెడ్‌స్పేస్ సరిగ్గా ఉండీ ప్రయోజనం లేదు.

గేజ్ చూడలేనివి

పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా, అంటే ఉప్పుకు దగ్గరి చుట్టంగా మిగులుతుంది. గాలిలోని తేమను లాక్కుని ఉక్కును తినేస్తుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లో ఒక్క రాత్రి చాలు. నూనెతో ఎంత తుడిచినా ఉప్పు కరగదు, నీళ్లే కావాలి. బ్రిటిష్ సైనికులు గరాటుతో మరిగే నీళ్లు బ్యారెల్‌లో పోసి కడిగేవారు. నీళ్లు పోయనివాడి రైఫిల్‌లో చాంబర్ గోడలు గుంటలు పడి, పేలినప్పుడు ఇత్తడి ఆ గుంటల్లోకి పోయి పట్టుకుంటుంది.

బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు నల్లని వలయం లాంటి నీడ కనిపిస్తే, లోపల ఏదో అడ్డం ఉండగా ఎప్పుడో పేల్చారని అర్థం. బయటి నుంచి వేలితో తడిమితే ఆ చోట చిన్న ఉబ్బు తగులుతుంది. చెక్కకు, రిసీవర్‌కు మధ్య వదులు, నూనె తాగి మెత్తబడిన చెక్క ఉంటే గురి చెడుతుంది. ట్రిగ్గర్ పట్టు సంగతి ఇంకా ముఖ్యం. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, దాని వెనక చెక్కను నేల మీద నెమ్మదిగా తట్టినప్పుడు పిన్ను జారితే, దాన్ని బాగుచేయించేదాకా తూటా పెట్టకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి, సేఫ్టీ తీసినప్పుడు దానంతటది పడకూడదు.

చాంబర్‌లో నూనె మిగలకూడదు. ఇత్తడి గోడలు చాంబర్‌ను పట్టుకోవడమే బోల్ట్‌కు సాయం. నూనె ఆ పట్టును తీసేస్తే భారమంతా బోల్ట్ మీద పడుతుంది. బ్రిటిష్ ప్రూఫ్ పరీక్షలో ఎక్కువ మందు నింపిన తూటాను ఒకసారి పొడిగా, ఒకసారి నూనె పూసి పేల్చడంలో ఉద్దేశం సరిగ్గా ఆ భారం వేసి చూడటమే.

మొదటి తూటా

అన్నీ బాగున్నాయని తేలాక కూడా గన్‌స్మిత్‌లు మొదటి తూటాను భుజాన పెట్టి కాల్చరు. రైఫిల్‌ను పాత టైరుకో బెంచీకో కట్టి, ట్రిగ్గర్‌కు దారం కట్టి, గోడ చాటు నుంచి లాగుతారు. కొత్త, ఫ్యాక్టరీ తూటాలే వాడతారు, ఎవరో ఇంట్లో నింపినవి కాదు.

అప్పుడు బయటపడే ఖాళీ తూటా గేజ్ కంటే ఎక్కువ కబుర్లు చెబుతుంది. అడుగుకు సుమారు ఒక సెంటీమీటరు పైన చుట్టూ మెరిసే గీత ఉందంటే ఇత్తడి అక్కడ పల్చబడుతోంది. సన్నని తీగ కొనను వంచి లోపలికి దూర్చి గోడ వెంబడి గీకితే, ఆ గీత దగ్గర కొన గాడిలో పడినట్టు ఆగుతుంది. అలాంటి తూటాను మళ్లీ నింపకూడదు. ఒకటి రెండు తూటాలకే ఆ గీత వస్తుంటే రైఫిల్‌ను తిరిగి గేజ్ పెట్టించాలి. ప్రైమర్ వెనక్కి పొడుచుకొస్తే జాగా ఎక్కువుండి పీడనం తక్కువున్నదన్నమాట. ప్రైమర్ చదునై, అంచులు పారి, చిల్లు పడితే పీడనం హద్దు మీరింది. అడుగే ఉబ్బి ప్రైమర్ వదులైతే ఆ రోజుకు కాల్పులు ఆపేయాలి.

.303ను నింపి వాడుకునేవాళ్లు మొదటిసారి కాల్చేటప్పుడు రిమ్ ముందు సన్నని రబ్బరు రింగు తొడుగుతారు. అది తూటాను బోల్ట్ ముఖానికి ఆనించి పట్టుకుంటుంది. సాగుడు భుజం వైపు జరిగి, అడుగు దగ్గర ఇత్తడి చెక్కుచెదరదు. తర్వాత మెడ ఒక్కటే సరిచేసుకుంటే, ఆ తూటా ఆ రైఫిల్‌కు కుట్టించిన చొక్కాలా సరిపోతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే నోటిని గురి వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, పాత మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. శబ్దం బలహీనంగా వస్తే ఇంకో తూటా పెట్టకముందు బోల్ట్ తీసి బ్యారెల్ గుండా చూడాలి. గుండు సగంలో ఆగి ఉండొచ్చు. కళ్లద్దాల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రూఫ్, చట్టం

బ్రిటన్‌లో తుపాకీకి ప్రూఫ్ హౌస్ ముద్ర లేకుండా, లేదా ప్రూఫ్ కొలతలు దాటిపోయాక అమ్మడం 1868 నాటి చట్టం కింద నేరం. లండన్ ప్రూఫ్ వ్యవస్థ 1637 నాటి గన్‌మేకర్స్ కంపెనీ అధికారపత్రం దాకా వెళ్తుంది, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. ఐరోపాలో 1914లో మొదలైన ప్రూఫ్ ప్రమాణాల సంస్థ సి.ఐ.పి.లోని దేశాలు ఒకరి ప్రూఫ్ ముద్రలను ఒకరు గుర్తిస్తాయి. అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ తప్పనిసరి కాదు, సామీ అంకెలు పరిశ్రమ తనకు తాను పెట్టుకున్నవి. అందువల్ల అక్కడ సర్‌ప్లస్ రైఫిల్ కొన్నవాడే పరీక్షాధికారి.

భారతదేశంలో .303, 7.62 సైనిక బోర్లు. 1959 ఆయుధాల చట్టం వీటిని నిషిద్ధ బోర్లుగా చూస్తుంది, మామూలు లైసెన్సుదారుకు దొరకవు. వాటి బదులు ఆర్డ్‌నెన్స్ కర్మాగారాలు లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ మీదే .315 స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేశాయి. ఆ తూటా పాత ఆస్ట్రియన్ 8×50 మాన్‌లిషర్ నుంచి వచ్చింది. దానికీ రిమ్ ఉంది, కాబట్టి హెడ్‌స్పేస్ కొలిచేదీ రిమ్ దగ్గరే. మన ఊళ్లలో లైసెన్సు మీద తరతరాలుగా ఉన్న పాత .315 రైఫిల్‌ను ఎవరైనా బయటికి తీస్తే చూడాల్సినవి త్రీ నాట్ త్రీకి చూసేవే: బోల్ట్ మీద నంబరు, బోల్ట్ హెడ్ బిగువు, చాంబర్‌లో గుంటలు, పేల్చిన మొదటి ఖాళీ తూటా మీద మెరిసే గీత.